ఎడారి గుట్ట మీద అర్ధగంట నీళ్లు

ఎడారి అంటె ఇసుకే అనుకుంటరు మీరు. సెల్‌ఫోన్లల చూసేది అదే గద, ఇసుక దిబ్బలు, ఒంటెలు. నేను పని చేసిన ఎడారిల ఇసుక లేదు, రాయి ఉండె. గుట్ట ఎనుక గుట్ట, దాని ఎనుక ఇంకో గుట్ట. జనవరిల మబ్బుల లేచి చూస్తె తొట్టిల నీళ్ల మీద మంచు పెంకు కట్టి ఉండేది. ఇంటికాడికెల్లి తీసుకపోయిన గొంగడి లేకుంటె ఆ చలికి ఒక్క రాత్రి సుత ఎల్లదీయకపోదును. గీ చలికే మంట మీదికి ఎగబడుతున్నరు, ఇదేం చలి పిలగా? జర ఇటు జరుగు, చెప్త.

దాని పేరు జబల్ అఖ్దర్, పచ్చకొండ. ఒమన్ దేశంల ఉంటది. మన దిక్కు ఒమన్ అని ఎవరంటరు, మస్కట్ అంటరు. అసలు దుబాయి పోయిండంటె ఆరు గల్ఫు దేశాల్ల ఏదన్న కావచ్చు. ఒమన్ ఉత్తరం దిక్కు సముద్రం ఎంబడి ఏడు వందల కిలోమీటర్ల పొడుగు గుట్టల వరుస ఉంటది, హజర్ గుట్టలు. అన్నిటికంటె ఎత్తు జబల్ షమ్స్, మూడు వేల మీటర్లు. దానికి పక్కపొంటి పచ్చకొండ. పచ్చకొండ మీద సయిక్ అని ఒక చదును గడ్డ, రెండు వేల మీటర్ల ఎత్తుల. నా బతుకుల మంచి వయసంత ఆ గడ్డ మీదనే పోయింది. మే నెలల కింద మస్కట్ల డాంబరు కరుగుతుంటె, పైన చెట్టు నీడకు కూసుంటె ఫ్యాను యాదికి రాదు.

ఎందుకు పోయినవ్ తాతా అంటరు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. కూలోళ్లు, జీతగాండ్లు వేలమంది దొరల మీద ఊర్లకెల్లి కదిలిండ్రు. నెల గడిచిందో లేదో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. ఊర్లకు పోలీసు క్యాంపులు దిగినయ్. పోరగాండ్లు ఇంట్ల పండుడు బందైంది. కొందరు అడవి తొవ్వ పట్టిండ్రు, కొందరు బొంబాయి తొవ్వ పట్టిండ్రు. నేను బొంబాయి దిక్కు పోయిన. భయానికి పోయిన్నా, అప్పుకు పోయిన్నా అంటె రెండూ నిజమే. మా తాత, మా నాయిన మోకు భుజాన ఏసుకొని బతికినోళ్లు. నేనూ తాళ్లు ఎక్కిన. గని కల్లు మామ్లా ఇంకొకల చేతులనాయె, చెట్టు ఎక్కినోనికి మిగిలేది కాలికి గాయాలు.

కామాటిపురల తెలుగోళ్ల గదుల నెలలకు నెలలు పడి ఉన్నం. అక్కడ దొరికిండ్రు నాకు ఇద్దరు దోస్తులు. ఒకడు సిరిసిల్ల పద్మశాలీల పిలగాడు, మగ్గం బువ్వ పెడ్తలేదని వచ్చినోడు. ఇంకొకడు జగిత్యాల పక్కన గొల్లోళ్ల పిలగాడు. ముగ్గురికి ఒకటే ఏజెంటు. కంపెనీల హెల్పర్ పని అన్నడు వాడు. దిగినంక తెలిసింది, ఒకనికి మేకల పని, ఇద్దరికి తోట పని.

మొదలు కొండ కింద బిర్కత్ అల్ మౌజ్ అనే ఊర్ల పెట్టిండ్రు. అంత ఖర్జూర వనమే. ఖర్జూరం అంటె మన ఈత చెట్టుకు అన్న వరస, చూస్తనే నా కాళ్లు గుర్తు పట్టినయ్. అక్కడోళ్లు సుత నడుముకు, మాకుకు కలిపి తాడు చుట్టుకొనే ఎక్కుతరు, మన మోకు తీరుగనే. మా అర్బాబు, అంటె యజమాని, నేను ఎక్కుడు చూసి నవ్విండు. ఇగ ఆనాటి సంది నన్ను దించలే.

అయితె అక్కడ చెట్టు ఎక్కేది కల్లు గీసేటందుకు కాదు, పెండ్లి చేసేటందుకు. మన తాళ్లల్ల పోతుతాడు, పండుతాడు ఉన్నట్టు ఖర్జూరంల సుత మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలికి వదిలేస్తె కాయ సరిగ పట్టదు. మగ చెట్టు పూత పొత్తిని పగలక ముందే కోసి, అండ్ల తెల్లటి పూరెక్కలు నాలుగైదు తీసి, ఆడ చెట్టు గెల నడుమ తలకిందులుగ కుచ్చి, ఈనెతోటి వదులుగ కట్టాలె. పిండి అసొంటి పుప్పొడి మీసాల నిండ పడేది. ఒక్క మగ చెట్టు ఉంటె యాభై ఆడ చెట్లకు సరిపోతది. చలి తగ్గే దినాలల్ల ఈ పని, ఎండాకాలం నడుమ కోత. ఆ పని ఎంత పాతదంటె, నాలుగైదు వేల ఏండ్ల కిందటి సంది అరబ్బు గడ్డ మీద ఖర్జూరం పండిస్తున్నరట.

ఇగ నీళ్ల ముచ్చట. ఆ ఊరికి ఎప్పుడు పారే వాగు లేదు, చెరువు లేదు. సయిక్ గడ్డ మీద ఏడాదికి మూడు వందల మిల్లీమీటర్ల వాన పడితె గొప్ప, కింద ఊర్లల్ల అండ్ల మూడోవంతు సుత ఉండదు. మన జగిత్యాల దిక్కు వెయ్యికి అటు ఇటు పడుతది, యాది పెట్టుకోండ్రి. మరి వేల చెట్లు ఎట్ల బతుకుతున్నయ్? ఫలజ్ తోటి. గుట్ట అంచుకు లోతుగ ఒక బాయి తవ్వుతరు, దాన్ని తల్లిబాయి అంటరు. ఆ బాయి అడుగుకెల్లి ఊరి దాక భూమి కింద సొరంగం. సొరంగం వాలు ఎంత సన్నగ ఉంటదంటె, నీళ్లు పారాలె గని మట్టిని కోయొద్దు. ఊపిరాడేటందుకు, పూడిక తీసేటందుకు నడుమ నడుమ గుంతలు. ఊరి కాడికి వచ్చేసరికి నీళ్లు వాటంతట అవే పైకి తేలి కాలువల పడుతయ్. మోట లేదు, మోటరు లేదు, కరెంటు బిల్లు లేదు. దావూదు కొడుకు సులేమాను ప్రవక్త ఈ దేశం మీదికెల్లి పోతు దప్పికైతె, జిన్నులకు చెప్పి పది దినాలల్ల పది వేల ఫలజ్‌లు తవ్విచ్చిండని వాళ్ల కథ. నేను ఒకపారి పూడిక తీయ లోపటికి దిగిన. జిన్నులు తవ్విండ్రంటె నమ్మబుద్ధి అయింది, మనిషి మోకాళ్ల మీద పాకేటంత సందు.

బిర్కత్ అల్ మౌజ్ ఫలజ్ పేరు అల్ ఖత్మయిన్. అది ఊర్లకు వచ్చినంక ఒక తాన మూడు కాలువలుగ చీలుతది. మూడిట్ల సమానంగ పోతయ్ నీళ్లు, ఒక చుక్క ఎచ్చుతక్కువ లేకుంట. సిరిసిల్ల పిలగాడు పొద్దుగూకితె అక్కడ కూసుండి చూస్తుండె. మగ్గం మీద పోగులు లెక్కపెట్టిన కండ్లు గద, తప్పు పట్టాలని చూసేటోడు. దొరకలే. ఇప్పుడు ఆ ఫలజ్, నిజ్వా కాడి దారిస్ ఫలజ్, ఇంకో మూడు కలిపి ఐదింటిని యునెస్కోవాళ్లు 2006ల ప్రపంచ వారసత్వం కింద రాసుకున్నరు. ఆ దేశంల మూడు వేలకు పైన ఇంక పారుతున్నయ్.

పంపకం చెప్త, ఇది అసలు ముచ్చట. నీళ్లు ఊర్లకు రాంగనే మొదటి కాడ తాగేటందుకు ముంచుకోవాలె, అక్కడ కాళ్లు సుత కడుగొద్దు. దాని కింద మసీదు, దాని కింద తానాల గదులు, మొగోళ్లయి వేరు, ఆడోళ్లయి వేరు. అటెనుక ఖర్జూర చెట్లు. అన్నిటికంటె చివర ఏడాది పంటలు, ఎల్లిగడ్డ, గోధుమ, పశువుల గడ్డి. కరువు వస్తె చివరిది ఎండుతది, చెట్టు బతుకుతది. వంతు లెక్క ‘అథర్’ల మీద. ఒక అథర్ అంటె అర్ధగంట. పగలు నేలల పాతిన కట్టె నీడ చూసి, రాత్రి చుక్కల పొడుపు చూసి వంతు మార్చేటోళ్లు. ఇంతమందికి ఇన్ని అథర్లు అని ఆస్తి పంచుకున్నట్టు పంచుకుంటరు, పిల్లకు కట్నంగ సుత నీళ్లు ఇస్తరు. ఫలజ్ పేరు మీద కొన్ని వంతులు ఎత్తిపెట్టి, వేలం పాడి, ఆ పైసలతోటి పూడిక తీపిస్తరు. వంతు చూసేటాయనను అరీఫ్ అంటరు. మా అరీఫ్ ముసలాయన. చేతిల కట్టె, మెడల పెద్ద తాళాల గుత్తి. రాత్రి రెండు గంటలకు ఆయన కేకేస్తె మా అర్బాబు, ఎంత పెద్దోడైన, లేచి పార పట్టుకొని ఉరుకుడే. బట్టపేలిక, రాయి, మట్టి, ఇవి మూడే ఆ కాలువకు తలుపు. అడ్డం తీసినమా, అర్ధగంట మాది. మల్ల అడ్డం పడ్డదా, అయిపాయె.

నాకు అప్పుడు మా ఊరి నీరటి యాదికి వచ్చిండు. మీరు చూడలేదు. చెరువు తూము కాడ పండుకునేటోడు. ఎవరి మడికి ఎంత సేపు, ఏ కాలువ ఏ పొద్దు, అంత ఆయన నోట్లనే ఉండె. పంట కల్లంల పడితె ఇంటింటికి పోయి తన వాటా వడ్లు తెచ్చుకునేటోడు. పొత్తుల బాయిల సుత అంతే గద, అన్నదమ్ములు మోటకు వంతులు పెట్టుకొని కొట్టిండ్రు, ఒక్కోపారి తలకాయలు సుత కొట్టుకున్నరు. పంచాయితీలు లేవని నేను చెప్త లేను. అక్కడ సుత ఉండె.

కొన్నేండ్లకు నన్ను కొండ మీదికి తోలిండ్రు. అప్పుడు డాంబరు రోడ్డు లేదు, మట్టి బాట, బండి ముక్కు ఆకాశం దిక్కు పెట్టి ఎక్కేది. ఇప్పుడు మంచి రోడ్డైంది గని, ఇప్పటికి సుత కింద చెక్‌పోస్టుల ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను తప్ప పైకి పోనియ్యరు. ఎక్కుతుంటె ఒక కాడ ఖర్జూరం ఆగిపోతది. చలికి అది పైన బతకదు. దాని మీద దానిమ్మ, ఆప్రికాట్, అక్రోటు, గులాబీ. ఇంకా పైకి అడవి జైతూను, సరువు అసొంటి జునిపర్ చెట్లు, వందల ఏండ్లయి, మెలితిరిగినయ్.

ఆ రాళ్లు చూడాలె. సయిక్ గడ్డ మీద బండల సముద్రపు గవ్వలు, శంకులు రాయిగ మారి అతుక్కొని ఉంటయ్. రెండు వేల మీటర్ల ఎత్తుల! గొల్లోళ్ల పిలగాడు ఒకటి తెచ్చి నా చేతుల పెడితె ఎవడో తిని పారేసిన నత్తగుల్ల అనుకున్న. ఎనుకట అది సముద్రం అడుగేనట. తొమ్మిది కోట్ల ఏండ్ల కింద సముద్రం నేల పలక వచ్చి ఆ భూమి మీదికి ఎక్కింది, తర్వాత గుట్టలు లేచినయ్. లోకంల సముద్రపు అడుగు రాతిని నడుచుకుంట పోయి చూడాలంటె ఆ దేశమే పోవాలంటరు, తెల్లోళ్లు సుత్తెలు పట్టుకొని తిరుగుతుండిరి. మన గుట్టలు ఇంక పాతయి, రెండు వందల యాభై కోట్ల ఏండ్ల నల్లసాని రాయి. వాళ్లు రాయిని చూసేటందుకు మందిని పిలుస్తరు, మనం కరీంనగర్ గుట్టలు కోసి చైనాకు పంపుతం.

మా గొల్ల పిలగానికి మేకలు ఇచ్చిండ్రు. మేకలతోటి లోయలు తిరుగుతుంటె ఒకనాడు బండ అంచున పొట్టి కొమ్ముల జంతువు కనిపిచ్చిందట, కాళ్లకు పొడుగు బొచ్చు. తహర్ అంటరు, ఆ గుట్టల్ల తప్ప లోకంల ఇంకెక్కడ లేదు. తప్పిపోయిన మేక అనుకొని పొద్దంత ఎంబడి పడ్డడు. అదేమో నిలువు బండ మీద నాలుగు కాళ్లు ఒక్క తాన పెట్టి ఇతని దిక్కు చూసిందట. నిజ్వాల శుక్రవారం మేకల అంగడి పెడుతరు, మన అంగడి తీరు కాదు, కొనేటోళ్లు గుండ్రంగ కూసుంటె అమ్మేటోడు మేకను పట్టుకొని చుట్టు తిరుగుతడు. ఆ అంగడిల వీని బేరం చూసి అరబ్బులే మేకలు కొనిచ్చుకునేటోళ్లు.

నాది గులాబీ పని. గుట్ట వాలును మెట్లు మెట్లుగ కోసి, రాయి కట్టలు పెట్టి, కిందికెల్లి మట్టి మోసుకచ్చి నింపిన మళ్లు. ఎన్ని తరాలు మోసిండ్రో. మార్చి ఆఖరు సంది మే దాక పూత. పొద్దెక్కితె వాసన పోతదని మబ్బులనే తెంపాలె. తెంపిన పూలను పొయ్యింటికి తెస్తరు. ఆ పొయ్యి చూసి నాకు నవ్వు ఆగలే, అచ్చం మన సారా బట్టే! మట్టి కుండల పూరెక్కలు, అండ్ల నడుమ రాగి గిన్నె, మీద మూతకు బదులు చల్లటి నీళ్లు పోసిన ఇంకో గిన్నె. కింద మంట. ఆవిరి పైకి లేచి, చల్లటి గిన్నె అడుగుకు తాకి, చుక్క చుక్క రాగి గిన్నెల పడుతది. మీది నీళ్లు కాగినంక మార్చాలె, మారుస్తనే ఉండాలె. గోడలు మసి పట్టి నల్లగ మెరుస్తయ్. ఆ పన్నీరుకు కట్టె పొగ వాసన ఉంటది, ఎరుపు రంగు ఉంటది. కుండల పోసి నెల దాటి నిలువ పెడితె తేరుతది. హల్వాల పోస్తరు, కాఫీల పోస్తరు, సావుకు పెండ్లికి చల్లుతరు. ఇప్పుడు గ్యాసు మీద స్టీలు డబ్బాలల్ల తీసింది తెల్లగ, పొగ వాసన లేకుంట వస్తున్నది. నాకు పాతదే ఇష్టం. మీ నానమ్మ ఒక సీసా చాన ఏండ్లు దాసుకున్నది, పండుగకు మూత తీసి వాసన చూసి మల్ల బిగించేది.

అక్కడ సుత లడాయి అయింది. గడ్డ మీద కూలిన ఇండ్లు చూసి ఇదేంది అంటె, మా అర్బాబు నాయిన ఆకాశం దిక్కు చూపిచ్చిండు. ఎనుకట ఒడ్డు పొంటి దేశం సుల్తానుది, లోపటి గుట్టలు ఇమాముయి. 1920ల ఒప్పందం రాసుకున్నరు. తరువాత భూమిల చమురు ఉన్నదన్న ముచ్చట లేశింది, ఇగ పొత్తు ఎక్కడ నిలుస్తది? 1955ల సుల్తాను నిజ్వాను పట్టుకున్నడు. 1957ల ఇమాము గాలిబు మనుషులు తిరగబడి ఈ కొండ ఎక్కిండ్రు. బ్రిటిషోళ్ల ఇమానాలు బాంబులు ఏసినయ్. కొండ కింద తనూఫ్ అనే ఊరు ఇప్పటికి మొండిగోడలతోటే ఉంటది. 1959 జనవరిల బ్రిటిషు ప్రత్యేక దళం రాత్రికి రాత్రి బండలు పాకి పైకి ఎక్కింది, లడాయి ఒడిసింది. ముసలాయన కోపం బాంబు ఏసినోని మీద కంటె కాలువ మీద బాంబు పడ్డందుకే ఎక్కువ. మనిషి సస్తె ఇంకో మనిషి పుడుతడు, ఫలజ్ తెగితె ఊరే లేచిపోతది అన్నడు. నేను ఏమనలే. మాకాడ 1948ల యూనియన్ మిలిటరీ వచ్చినప్పటి ముచ్చట్లు మా నాయిన ఇట్లనే చెప్పేటోడు, మంట కాడ.

ఆ ముసలాయనకు మన రూపాయి ఎరికె. రూబియా అంటుండె. 1970 దాక వాళ్ల తాన మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫు రూపాయి నడిచింది. అప్పుడు వాళ్లే పని కోసం వేరే దేశాలు పోయేటోళ్లు. దేశం మొత్తంల పది కిలోమీటర్ల డాంబరు రోడ్డు, మూడు బడులు, అంతే. 1970 జులై 23న ఖాబూస్ సుల్తాను తండ్రిని దించి గద్దె ఎక్కినంక చమురు పైసలు రోడ్లకు, దవాఖాన్లకు పోయినయ్. కొండ మీది పోరగాండ్లు మిలిటరీల, పోలీసుల, చమురు కంపెనీల నౌకర్లకు దిగిండ్రు. మరి మళ్లు ఎవరు తవ్వాలె? అండ్లకు మనం పోయినం, బంగ్లాదేశోళ్లు వచ్చిండ్రు. కోరుట్ల పక్కన మా ఊర్ల మళ్లు నేను కౌలుకు ఇచ్చిపోయి, వాళ్ల మళ్లకు నీళ్లు కట్టిన. ఇంటికాడ మీ నానమ్మ బీడీలు చుట్టుకుంట పిల్లల సాదింది. తునికాకు వాసన ఆమె చేతికి, పన్నీరు వాసన నా చేతికి.

ఆడ కూడ బోర్లు వచ్చినయ్. బోర్లు పడ్డ కాడ ఫలజ్‌లు ఎండినయ్. సర్కారు తొందరగనే మేల్కొన్నది, తల్లిబాయి చుట్టు మూడున్నర కిలోమీటర్ల లోపట కొత్త బోరు ఎయ్యొద్దని పెట్టింది. మనకు సుత 2002ల వాల్టా చట్టం వచ్చింది, బోరు ఏసేటోడు పర్మిషన్ తీసుకోవాలె. ఎవరన్న తీసుకున్నరా మన ఊర్ల? నేను తిరిగి వచ్చేసరికి తాళ్ల వనం కరిగింది, పొత్తుల బాయిల తుమ్మ మొలిచింది, ఒక్కొక్క చెలకల నాలుగు బోర్లు. సిరిసిల్ల దోస్తు పవర్‌లూము పెట్టిండు, నడిచినన్ని దినాలు నడిచింది. జగిత్యాలోడు అక్కడనే ఆగిండు చాన కాలం.

కాళేశ్వరం అన్నరు, మిడ్ మానేరు అన్నరు, 2015 సంది మిషన్ కాకతీయ అని చెరువుల పూడిక తీసిండ్రు. మంచిదే, నేను కాదన. మా చెరువు నిండింది సుత, మత్తడి దుంకింది, చూసి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గని తూము కాడ మనిషి లేడు. నీరటోళ్లను వీఆర్ఏలు అన్నరు, 2023ల వాళ్లను వేరే వేరే శాఖలకు సర్దిండ్రు. ఇప్పుడు తూము ఎవనికి బుద్ధి పుడితె వాడు తీస్తున్నడు, రాత్రి తీసి పొద్దుగాల మూసుడు మరిచిపోతున్నడు. మొన్నటి యాసంగిల చెరువు కింది మడి పారకముందే నీళ్లు వాగుల కలిసినయ్. చివరి ఆయకట్టోళ్లు మల్ల బోర్ల బండికి ఫోన్ చేసిండ్రు.

మీరు చదువుకున్నోళ్లు. వచ్చే గ్రామసభల లైట్లు, సీసీ రోడ్లు అడిగినంక ఈ ఒక్క మాట సుత అడుగుండ్రి, రాపిచ్చుండ్రి: మన చెరువు తూము తీసేది ఎవరు, మూసేది ఎవరు, ఆయనకు జీతం ఎవరు ఇస్తరు?